‘మావాళ్లు ఇలాగే ఉంటారా?’ – గొడవతో ముగిసిన ఒక పుస్తక చర్చ

ప్రశ్న: మేం టెక్సస్‌లో, ఇర్వింగ్‌లో ఉంటాం. ఇక్కడి లైబ్రరీలో నెలకోసారి జరిగే పుస్తక చర్చను నేనే నడుపుతాను. పదిమందిమి వస్తాం. తెలుగువాళ్లం నలుగురం, చైనా మూలాలున్నవారు ఇద్దరు, మిగతావాళ్లు తెల్లవాళ్లు. పోయిన నెల ఎమీ టాన్ ‘ద జాయ్ లక్ క్లబ్’ చదివాం. చైనా నుంచి అమెరికా వచ్చిన తల్లులు, ఇక్కడ పెరిగిన కూతుళ్ల నవల అది. మా తెలుగువాళ్లంతా ‘అచ్చం మా అమ్మే’ అని మురిసిపోయారు. చైనా మూలాలున్న ఒకావిడ మాత్రం ఇది తెల్లవాళ్ల నోటికి తగ్గట్టు వండిన చైనా అన్నారు. ఇంతలో ఒక పెద్దాయన, ‘ఆసియావాళ్లు పిల్లల్ని చదువని, పియానో అని తోముతారు, నిజమే కదా, అందులో తప్పేముంది’ అన్నారు. ‘మీ ఇంట్లోనూ ఇంతేనా’ అని ఆవిడనే అడిగారు. ఆవిడ లేచి వెళ్లిపోయారు. ఎవరి మాట ఒప్పు? ఇలాంటి పుస్తకాలు మళ్లీ పెట్టాలా, మానేయాలా?

జవాబు: నిరభ్యంతరంగా పెట్టండి. చర్చ నడిపే తీరులో మాత్రం కొన్ని మార్పులు కావాలి.

ముందు లేచి వెళ్లినావిడ సంగతి. ఆవిడ అభ్యంతరం అప్పటికప్పుడు పుట్టింది కాదు. ఆ నవల 1989లో వచ్చింది. రెండేళ్లకే, 1991లో, చైనా అమెరికన్ రచయిత ఫ్రాంక్ చిన్ దాన్ని ఉతికి ఆరేశాడు. షాంఘైలో ఒక ముసలామె హంసను కొనడం, అది ఒకప్పుడు బాతుగా ఉండి మెడ సాచి సాచి ఇలా అయిందని అమ్మినవాడు గొప్పలు చెప్పడం పుస్తకం మొదట్లోనే ఉంటుంది. అలాంటి జానపద కథ చైనాలో లేదని, అమెరికా పాఠకుడి ముచ్చట కోసం అల్లిన నకిలీ అని ఆయన ఆరోపణ. ఇంకో చైనా అమెరికన్ రచయిత్రి మాక్సీన్ హాంగ్ కింగ్‌స్టన్ 1976లో రాసిన ‘ద వుమన్ వారియర్’ మీద కూడా ఆయనది ఇదే కోపం. అందులో వీరవనిత ములాన్ వీపు మీద తల్లిదండ్రులు అక్షరాలు చెక్కుతారు. చైనా సంప్రదాయంలో ఆ పచ్చబొట్టు యుయే ఫే అనే సేనానిది. కథలు మనుషులతో పాటు సముద్రం దాటినప్పుడు మారతాయి, మారకపోతే మరుగున పడతాయి అన్నది కింగ్‌స్టన్ వైపు వాదన.

ఈ తగవులో చిన్ మాట మాకు సగమే నచ్చుతుంది. అసలు కథ ఇదీ, దీన్ని మార్చకూడదు అనే పట్టుదల, ఊరికో రామాయణం, నోటికో సీత పాట ఉన్న మనవాళ్లకు అంతగా రుచించదు. కానీ ఆయన వేసిన ఇంకో ప్రశ్న గట్టిది. ఈ పుస్తకాల్లో ఆచారాల మీద ఇచ్చే వివరణలన్నీ ఎవరికోసం? ఇంట్లోవాళ్లకు తెలిసిన సంగతిని పక్కకు తిరిగి ఎవరికి చెబుతున్నట్టు? మీ చర్చ ఇక్కడ మొదలై ఉంటే బాగుండేది. ‘ఇది నిజమేనా’ దగ్గర మొదలవడం వల్లే చెడింది.

మూస, అంటే ఒక జాతి మొత్తానికి తగిలించే ఒకే బొమ్మ, అబద్ధం అని చాలామంది అనుకుంటారు. అందుకే ఒకరు ‘ఇది అబద్ధం’ అనగానే ఇంకొకరు ‘మా ఇంట్లో నిజంగానే ఇంతే’ అని సాక్ష్యానికి దిగుతారు, ఇద్దరూ అలిసిపోతారు. మీ తెలుగు సభ్యులకు ఇది తెలియాలంటే మన సినిమాలు గుర్తు చేయండి. సీమ అనగానే సుమోలు, వేటకొడవళ్లు, తొడగొట్టడాలు. సీమవాళ్లు నొచ్చుకునేది అక్కడ ఫ్యాక్షన్ ఎన్నడూ లేదని కాదు, ఉంది. సినిమా తర్వాత సినిమాలో అది తప్ప ఇంకేదీ కనిపించకపోవడమే వాళ్ల బాధ. తెలంగాణ యాసను ఏళ్ల తరబడి రౌడీకో, నవ్వించేవాడికో కట్టబెట్టినప్పుడూ అంతే. ఆ యాస మాట్లాడేవాళ్లు లేరని ఎవరూ అనలేదు, ఆ యాసలో హీరో ఎందుకు మాట్లాడడని అడిగారు. దీన్ని ఒకసారి ఒప్పుకున్నవారు, ‘ఒక నవలకే అంత బాధేంటి’ అని పక్కనున్న చైనా అమెరికన్‌ను అడగరు.

అమెరికాలో ఆ మూసలు ఎక్కడ పోతపోశారో చెప్పడానికి సమావేశం మొదట్లో పదిహేను నిమిషాలు చాలు. అందులో ఒక్క చాకిరేవు దుకాణం సంగతి చెప్పినా పని జరుగుతుంది. పాత అమెరికా కథల్లో, కార్టూన్లలో చైనావాడు బట్టలు ఉతుకుతూనో వంట చేస్తూనో కనిపిస్తాడు, మగతనం లేనివాడిగా నవ్వులపాలవుతాడు. బంగారు గనుల కాలంలో, 1852లో, కాలిఫోర్నియా విదేశీ గని కార్మికుల మీద పన్ను వేసింది. ఆ బరువు ఎక్కువగా పడింది చైనీయుల మీదే. తెల్ల కార్మికుల శత్రుత్వం వల్ల మంచి కూలి పనుల తలుపులూ మూసుకుపోయాయి. మిగిలినవి ఎవరూ పోటీకి రాని పనులు. ఆ చాకిరేవులనైనా ఉండనిచ్చారా అంటే అదీ లేదు. చెక్క భవనాల్లో లాండ్రీ నడపాలంటే అనుమతి కావాలని శాన్‌ఫ్రాన్సిస్కో నగరం నిబంధన పెట్టి, దాదాపు 200 మంది చైనీయుల దరఖాస్తులు తిరగ్గొట్టింది. మిగతా జాతులవారు సుమారు 80 మందికి మాత్రం అనుమతిచ్చింది. యిక్ వో కేసులో సుప్రీంకోర్టు 1886లో దీన్ని తప్పుపట్టింది. ఇక ఆడవాళ్ల సంగతి చూస్తే, 1875 నాటి పేజ్ చట్టం చైనా స్త్రీల రాకను దాదాపు ఆపేసింది, 1882 చట్టం కార్మికుల రాకనే నిషేధించింది. తెల్లవాళ్లతో పెళ్లిళ్లకు చాలా రాష్ట్రాల్లో చట్టాలు అడ్డం. అలా పెళ్లాం పిల్లలు లేని మగవాళ్లతో చైనాటౌన్‌లు నిండాయి. మనుషుల్ని చట్టం అలా నిలబెట్టింది, తర్వాత వాళ్లు పుట్టుకతోనే అలాంటివాళ్లు అని కథలు చెప్పుకున్నారు. మూస నిజంలోంచి పుట్టొచ్చు, కానీ ఆ నిజాన్ని ఎవరు తయారుచేశారో చెప్పదు.

ఆ పదిహేను నిమిషాల తర్వాత పుస్తకం తెరిపించండి. మొత్తం నవల మీద అభిప్రాయం అడగొద్దు. అడిగితే ఎవరి ఇల్లు వాళ్లు ఎత్తుకుంటారు. రెండేసి పేజీల ఘట్టాలు మూడు ఎంచి, ఒక్కొక్కటి గట్టిగా చదివించి, ఒక్కోదానికి పాతిక నిమిషాలు ఇవ్వండి. ‘జాయ్ లక్ క్లబ్’కైతే మేం ఎంచే మూడు ఇవి.

మొదటిది, కూతుళ్లలో ఒకరైన వేవర్లీ తన తెల్ల స్నేహితుడు రిచ్‌ను పుట్టింటికి భోజనానికి తీసుకెళ్లిన ఘట్టం. అతను చాప్‌స్టిక్స్ పట్టలేక వంకాయ ముక్క బట్టల మీద పడేసుకుంటాడు. అందరికీ చేరకముందే రొయ్యలు పళ్లెం నిండా పెట్టుకుంటాడు. మారు వడ్డించుకోకపోవడమే మర్యాద అనుకుంటాడు. చివరికి తల్లి తన ఘనమైన వంటకాన్ని తెచ్చి, ఉప్పు చాల్లేదు, రుచే లేదు అని పెదవి విరుస్తుంది. మెచ్చుకోమని దానర్థం. రిచ్ దాన్ని ఉన్నదున్నట్టు తీసుకుని, కాస్త సోయా సాస్ పడితే సరిపోతుందని చెప్పి దానిమీద పోసేస్తాడు. ‘ఏదో చేతికొచ్చినట్టు వండాను, ఏం బాగుందో ఏమో’ అనే మన అమ్మల ముందు అల్లుడు అవునండీ అని పచ్చడి కలుపుకుంటే ఏమవుతుందో మీ నలుగురికీ విడమరిచి చెప్పక్కర్లేదు. అందుకే మురిశారు.

ఇక్కడ మూడు ప్రశ్నలు వేయండి. నవ్వు ఎవరి మీద పడుతోంది? రిచ్ మీద. తల్లి వింతగా ఏమీ లేదు, తెలియనిది అతనికే. వివరణ ఎవరికి? రిచ్ లాంటి పాఠకుడికి. చైనా ఇంట్లో పెరిగినవారికి మారు వడ్డన గురించి పాఠం అవసరం లేదు. అంటే మీ తెలుగువాళ్లూ, లేచి వెళ్లినావిడా ఒకే పేజీ గురించి రెండు నిజాలు చెబుతున్నారు, అవి ఒకదాన్నొకటి కొట్టేసుకోవు. మూడో ప్రశ్న అసలైన పరీక్ష. చైనా అనే ముద్ర తీసేస్తే ఆ తల్లి మిగులుతుందా? మిగులుతుంది. తన వంటతో, పొగరుతో, కూతురి మీద పైచేయి కోసం పడే తపనతో నిక్షేపంగా నిలబడుతుంది. ఆచారం ఆమె చేతిలో ఆయుధం, ఆమె ఆ ఆచారానికి బొమ్మ కాదు. ఈ ఘట్టానికి మా మార్కులు ఎక్కువే.

రెండోది, తల్లుల్లో ఒకరైన ఆన్‌మే చిన్నప్పటి జ్ఞాపకం. చావుబతుకుల్లో ఉన్న అమ్మమ్మ కోసం ఆన్‌మే తల్లి తన చేతి కండ కోసి సూప్‌లో వేస్తుంది. ఇది కల్పితమని కొట్టేయడానికి లేదు, తల్లిదండ్రుల కోసం కండ కోసివ్వడం పాత చైనా భక్తి కథల్లో ఉన్నదే. అయినా ఇందాకటి పరీక్ష పెట్టండి. ఆ ఒక్క చేష్ట తీసేస్తే ఘట్టంలో పెద్దగా ఏం మిగలదు. పాఠకుడికి గుర్తుండేది కత్తి, నెత్తురు, దూరపు దేశం. నిజమై ఉండి కూడా మూసకు దగ్గరగా జారిన చోటు ఇది. సమర్థించేవారు, చూస్తున్నది చిన్నపిల్ల కళ్లు కాబట్టి దృశ్యం అలాగే పెద్దదవుతుందంటారు. ఆ మాటలోనూ పస ఉంది. దీని మీద మీ పదిమంది విడిపోతే విడిపోనివ్వండి.

మూడోది పియానో. మీ పెద్దాయన మాట కోసం ఇది తప్పకుండా ఉండాలి, ఎందుకంటే ఆయన ఈ భాగాన్ని సరిగా చదవలేదని మా అనుమానం. ఇంకో కూతురు జింగ్‌మే. ఆమె తల్లి ఇళ్లు ఊడ్చి తుడిచే పనిమనిషి. పాఠాలకు డబ్బు లేక, అదే భవనంలో ఉండే ముసలి చోంగ్ ఇల్లు శుభ్రం చేసి, బదులుగా వారానికో పాఠం, రోజూ నాలుగు నుంచి ఆరు దాకా వాయించుకోవడానికి పియానో సంపాదిస్తుంది. ఆ మాస్టారికి చెవుడు, తప్పు వాయించినా తెలియదు. పిల్ల హాయిగా మోసం చేస్తుంది, ప్రదర్శన రోజు పరువు తీస్తుంది, ఇక వాయించనని ఎదురు తిరుగుతుంది. ‘ఆసియా పిల్లలు పియానోలో దిట్టలు’ అనే మాటను పటాపంచలు చేసిన భాగం ఇది. దీన్ని పట్టుకుని ఆ మాటే మళ్లీ అంటే, మూసను పుస్తకంలో పెట్టింది పాఠకుడే. అలా ఎవరైనా అన్నప్పుడు వాదించకండి. ‘ఏ పేజీ?’ అని అడగండి, చాలు. చర్చ నడిపేవారికి ఇంతకన్నా పనికొచ్చే మాట లేదు.

పొగడ్త కూడా మూసే అని ఆయనకు చెప్పాల్సి వస్తే రెండు తేదీలు చాలు. 1942లో జపాన్ మూలాలున్న సుమారు లక్షా ఇరవై వేలమందిని, వాళ్లలో ఎక్కువమంది అమెరికా పౌరులే, నమ్మదగనివాళ్లని ముళ్లకంచెల వెనక పెట్టారు. 1966 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ ఆదివారం పత్రికలో విలియం పీటర్సన్ అనే సామాజికశాస్త్రవేత్త అదే జనాన్ని కష్టపడి పైకొచ్చిన ఆదర్శ ప్రజగా చూపించాడు. పాతికేళ్లు కూడా తిరక్కుండా ముద్ర తలకిందులైంది. నల్లవాళ్ల హక్కుల ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజుల్లో ఆ పొగడ్త, ‘వీళ్లకు సాధ్యమైంది మీకెందుకు కాదు’ అనడానికి బాగా అక్కరకొచ్చింది. మనవాళ్లకూ ఇందులో వాటా ఉంది. స్పెల్లింగ్ బీ గెలిచిన తెలుగు పిల్ల ఫొటో వాట్సాప్‌లో తిప్పుతూ ‘మన రక్తంలోనే ఉంది’ అంటాం. 1965 వలస చట్టం, 1990లో వచ్చిన హెచ్‌వన్‌బీ వీసా కలిసి, డిగ్రీలున్నవాళ్లను ఏరి మరీ రప్పించాయి. జల్లెడ పట్టి తెచ్చిన గింజలు చూసి పంటంతా ఇలాగే ఉంటుందనుకోవడం అది. ఏరని ఇళ్ల కథలు, గ్యాస్‌స్టేషన్ల రాత్రి షిఫ్టులు, మోటళ్లలో దుప్పట్లు మార్చే ఆడవాళ్లు అలా వెనక్కి పోతారు.

లెక్క పెట్టడం ఇంకో మంచి పని. పుస్తకంలో ఎవరెవరికి గొంతు ఉందో ఒక కాగితం మీద రాయమనండి. ఈ నవలలో కథ చెప్పేవారు ఏడుగురు, ఏడుగురూ ఆడవాళ్లే. చైనాలోని మొగుళ్లు చేతకానివాళ్లో, తిరుగుబోతులో, దుర్మార్గులో. అమెరికాలోని చైనా తండ్రులు గోడకు ఆనుకుని నిలబడ్డవాళ్లు. చైనా అమెరికన్ మగపాఠకులు దీన్నే ఎక్కువగా ఎత్తిచూపారు, ఆ ఫిర్యాదులో న్యాయముంది. మరోపక్క తెల్లభర్తలు దేవుళ్లేమీ కాదు. ఒకడు విడాకులిచ్చేస్తాడు, ఇంకొకడు ఐస్‌క్రీం దాకా ఖర్చులు సగం సగం పంచుతాడు. చివరి అధ్యాయంలో భార్య దాచిన కథను కూతురికి చెప్పేది తండ్రే. కాగితం మీద రాస్తే ఇవన్నీ బయటపడతాయి, నోటి మాటల్లో ఎవరికి నచ్చినవి వాళ్లు పట్టుకుంటారు.

అట్ట బొమ్మను రచయిత ఖాతాలో వేయకండి. విసనకర్రలు, పూలకొమ్మలు, సగం ముఖాలు సాధారణంగా ప్రచురణకర్త నిర్ణయాలు. అలమరా ముద్ర, అంటే పుస్తకాన్ని ఏ విభాగంలో పెట్టారన్నది కూడా చూసుకోండి. ‘ద వుమన్ వారియర్’ నవలగా రాలేదు. నాన్‌ఫిక్షన్ విభాగంలోనే దానికి జాతీయ విమర్శకుల అవార్డు వచ్చింది. పాఠకుడు కల్పనలను చైనా గురించిన సమాచారంగా తీసుకోవడానికి అదొక కారణం.

‘మేమందరం ఆసియావాళ్లమే కదా’ అనే మాట వచ్చినప్పుడు కాస్త ఆగండి. ‘ఏషియన్ అమెరికన్’ అన్నది 1968లో బర్కిలీలో విద్యార్థులు ఉద్యమం కోసం పెట్టుకున్న పేరు. దాని కింద చేరినవాళ్ల మధ్యే మూసల తగాదాలున్నాయి. లోయిస్‌ఆన్ యమనాకా 1997లో రాసిన ‘బ్లూస్ హ్యాంగింగ్’ హవాయి నవల. అందులో ఫిలిపినో మూలాలున్న మనిషిని పిల్లల మీద అత్యాచారం చేసేవాడిగా చూపారు. చెరకు తోటల కాలం నుంచీ ఫిలిపినో మగవాళ్ల మీదున్న నిందే అది. ఏషియన్ అమెరికన్ అధ్యయనాల సంఘం 1998లో ఆ నవలకు అవార్డు ప్రకటిస్తే, ఫిలిపినో సభ్యులు వ్యతిరేకించారు, సభ్యుల ఓటుతో అవార్డు వెనక్కి పోయింది. పుస్తకాన్ని సమర్థించిన ఆసియా రచయితలూ చాలామందే. మా మాట అడిగితే, చెడ్డ పాత్ర ఫిలిపినో కావడం తప్పు కాదు. అదే పుస్తకంలో వేరే ఫిలిపినోకు నిలబడే చోటు ఎంత ఉందో చూడాలి. మీ తెలుగు సభ్యులు ‘అచ్చం మా అమ్మే’ అనడంలోనూ ఈ చిక్కే ఉంది. పోలిక నిజమే, కానీ ఆ తల్లుల వెనక యుద్ధం నలిపేసిన చైనా ఉంది, వాళ్లు మనలా ఉద్యోగ వీసాతో రాలేదు. పోలికలు చెప్పుకోవడానికి ఘట్టాల తర్వాత ఇరవై నిమిషాలు విడిగా పెట్టండి. మొదట్లో పెడితే పుస్తకం పక్కకు పోయి అత్తగార్ల ముచ్చట్లు మిగులుతాయి. ఆఖరి పది నిమిషాలు తర్వాతి పుస్తకం ఎంపికకు.

ఒక్క నియమం మాత్రం ముందే చెప్పేయండి. సభలో ఉన్న ఎవరినీ ‘మీ ఇంట్లోనూ ఇంతేనా’ అని అడగకూడదు. తనంతట తాను చెబితే వినాలి. అడిగిన క్షణం ఆ మనిషి పాఠకురాలిగా ఉండటం పోయి జాతి ప్రతినిధి అయిపోతుంది. అవునన్నా ఇబ్బందే, కాదన్నా ఇబ్బందే. మీ సమావేశం తెగింది నవల వల్ల కాదు, ఈ ప్రశ్న వల్ల. ఎవరైనా మరిచి అడిగేస్తే జవాబు రాకముందే మీరు కలగజేసుకుని, ఆ ప్రశ్నను పుస్తకంలోని పాత్ర మీదకు మళ్లించండి.

ఆవిడకు ఈ వారంలోనే ఫోన్ చేయండి. మెసేజ్ పెట్టి ఊరుకోవద్దు. ‘ఏదో పొరపాటు, పట్టించుకోకండి’ అనకుండా, అడగకూడని ప్రశ్న అడిగారు, నడుపుతున్నదాన్ని నేను ఆపలేదు అని చెప్పండి. పెద్దాయన తరఫున క్షమాపణ మీరు చెప్పొద్దు, అది ఆయన పని. చైనా పుస్తకం ఎంచిపెట్టమని కూడా ఆవిడ మీద పెట్టకండి, అదీ ప్రతినిధి ఉద్యోగమే.

వచ్చే నెలకు లూయీ చూ ‘ఈట్ ఎ బౌల్ ఆఫ్ టీ’ పెట్టి చూడండి. 1961లో వచ్చింది, కథ న్యూయార్క్ చైనాటౌన్‌లో, 1940ల చివర్లో జరుగుతుంది. మహ్‌జాంగ్ అనే పలకల ఆట బల్లల చుట్టూ కూర్చుని పోసుకోలు కబుర్లాడే ముసలివాళ్లే అందులో ఊరు, భార్యలు చైనాలోనే ఉండిపోయారు. 1882 నాటి నిషేధాన్ని 1943లో ఎత్తేశాక కూడా చైనీయులకు ఏడాదికిచ్చిన కోటా 105 మందికే. మీరు మొదటి పదిహేను నిమిషాల్లో చెప్పే చట్టాలు మనుషుల పడకగదుల దాకా ఎలా వచ్చాయో ఈ నవలలో కనిపిస్తుంది. కొత్తగా పెళ్లయిన కుర్రాడు భార్య దగ్గర మగాడిగా నిలవలేకపోవడమే ఇందులో కథ, ‘మగతనం లేని చైనావాడు’ అన్న మూసనే రచయిత తీసుకుని లోపలినుంచి విప్పుతాడు. వివరణలు తక్కువ, ఎవరికోసమూ పక్కకు తిరిగి చెప్పడు. ఇది చదివాక సోయా సాస్ ఘట్టం మళ్లీ తీస్తే తేడా పదిమందికీ తెలుస్తుంది. తిట్లు మాత్రం పచ్చిగా ఉంటాయి, ఒకడి చెవి తెగిపడుతుంది కూడా, ముందే చెప్పి ఉంచండి. ఆ పై నెలకు చార్లెస్ యూ ‘ఇంటీరియర్ చైనాటౌన్’ బాగుంటుంది. 2020లో నేషనల్ బుక్ అవార్డు పొందిన ఈ నవల టీవీ స్క్రిప్ట్ రూపంలో నడుస్తుంది, అందులో హీరో ఆశయమే కుంగ్‌ఫూ వీరుడి వేషం సంపాదించడం. ఆ రూపం అలవాటు కావడానికి ముప్పై పేజీలు పడుతుంది, మధ్యలో వదిలేసేవాళ్లుంటారు కాబట్టి ఆ నెల చదవడానికి ఒక వారం ఎక్కువ ఇవ్వండి.